ఆవకాయ సీసాలో వచ్చిన రిబ్బను: ఒక బి12 లోపం కేసు

విటమిన్ బి12 తక్కువగా ఉందన్న రిపోర్టు నా బల్ల మీదికి రాని రోజు ఉండదు. విజయవాడ సూర్యారావుపేటలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేసే ఏ డాక్టరును అడిగినా ఇదే మాట చెబుతారు. రిపోర్టు చూస్తాం, ఇంజెక్షన్లు రాస్తాం, "గుడ్లు, పాలు, చేపలు బాగా తినండి" అంటాం, తరువాతి రోగిని పిలుస్తాం. ఈ కేసులో నేనూ అదే చేశాను. చేపలు తినమని కూడా చెప్పాను. ఆ సలహా గుర్తొస్తే ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది. కేసును నా తప్పుతో సహా మొదటి నుంచి రాస్తున్నాను. రోగి అనుమతి ఉంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

2023 జులైలో ఇరవై రెండేళ్ల అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది. రష్యాలో, సైబీరియా వైపు ఒక పెద్ద నది ఒడ్డున ఉన్న నగరంలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం ముగించుకుని సెలవులకు ఇంటికి వచ్చిన పిల్ల. తండ్రికి వన్‌టౌన్‌లో బట్టల దుకాణం, ఇల్లు సింగ్‌నగర్‌లో. నీరసం, మెట్లెక్కితే ఆయాసం, రెండు నెలలుగా అరికాళ్లలో తిమ్మిరి. "కాలికి చెప్పు ఉందో లేదో కిందికి చూస్తే గాని తెలియడం లేదు సార్" అంది. ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి మీద పెట్టాను. మోగుతున్న సంగతి ఆమెకు తెలియలేదు. చీలమండ మీద పెడితే కొద్దిగా తెలిసింది.

హిమోగ్లోబిన్ 9.6. ఎర్రకణాల సగటు పరిమాణం 109. వంద దాటితే కణాలు ఉబ్బినట్టు లెక్క. బి12 గాని ఫోలిక్ ఆమ్లం గాని తక్కువైతే ఇలా ఉబ్బుతాయి. బి12 స్థాయి 124, ఉండవలసిన దానిలో కింది గీతకు బాగా దిగువన. ఫోలిక్ ఆమ్లం సరిగానే ఉంది. అలర్జీలోనూ పురుగులున్నప్పుడూ పెరిగే తెల్లకణాలు, ఇసినోఫిల్స్, 7 శాతం. మన ఊళ్లో ఇసినోఫిల్స్ ఏడు శాతం ఉంటే ఎవరూ తల తిప్పి చూడరు. దుమ్ము అనో తుమ్ములు అనో అనుకుని ఊరుకుంటాం.

ఏమి తింటావని అడిగాను. "ఇక్కడైతే అన్నీ తింటాను సార్, ఆదివారం చేప లేకపోతే మా నాన్నగారు ఊరుకోరు. అక్కడ హాస్టల్లో అన్నం, బంగాళాదుంప, పెరుగు. వండుకునే తీరిక ఉండదు" అంది. అంతే, నాకు జవాబు దొరికిపోయింది. హాస్టల్ తిండి, బి12 లోపం. ఇంతకంటే తేలిక కేసు ఉంటుందా?

మలపరీక్ష కూడా చేయించాను. ల్యాబు రిపోర్టులో 'కొంకిపురుగు గుడ్లు ఉన్నాయి' అని వచ్చింది. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి రాశాను. బి12 ఇంజెక్షన్లు మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తరువాత వారానికొకటి. సెప్టెంబరులో తిరిగి వెళ్లేటప్పటికి హిమోగ్లోబిన్ 11.8, తిమ్మిరి సగానికి తగ్గింది. అక్కడ సూదులు వేయించుకోవడం కష్టమంటే రోజుకొక బి12 మాత్ర రాసి పంపాను. తల్లి స్వీటు పెట్టె తెచ్చి ఇచ్చింది. తీసుకున్నాను కూడా.

ఇక్కడ కాసేపు ఆగి చెప్పాలి. కొంకిపురుగు పేగు గోడను కరిచి రక్తం తాగుతుంది. రక్తంతో పాటు ఇనుము పోతుంది. ఇనుము తక్కువైతే ఎర్రకణాలు చిన్నవి అవుతాయి, పెద్దవి కావు. అంటే ఒక కాగితం మీద కణాలను చిన్నవి చేసే పురుగు ఉంది, ఇంకో కాగితం మీద ఉబ్బిన కణాలు ఉన్నాయి. రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండిటినీ విడివిడిగా చదివి, విడివిడిగా మందు రాశాను. ఒకదానికొకటి పొసగడం లేదని తోచలేదు. రెండో సంవత్సరం విద్యార్థి పరీక్షలో ఇలా రాస్తే మార్కులు తగ్గించేవాణ్ణి.

జనవరిలో ఆ అమ్మాయి నుంచి ఫోను వచ్చింది. తిమ్మిరి మళ్లీ మొదలైంది, అక్కడ చేయించిన పరీక్షలో బి12 151. మాత్రలు మానలేదంటుంది. రోగి మాత్రలు మానలేదంటే మనం సగమే నమ్ముతాం. ఇది ఇంకో తప్పు. ఇంజెక్షన్లతో లేచిన మనిషి మాత్రలతో పడిపోతోందంటే, నోటి నుంచి పేగు దాటి రక్తంలోకి చేరే దారిలో ఎక్కడో ఎవరో కూర్చుని ఉన్నారన్నమాట. సూది ఆ దారిన పోదు, కాబట్టి పనిచేసింది. సెలవుల్లో రాగానే చూద్దాం, అప్పటిదాకా అక్కడే ఎలాగైనా సూదులు వేయించుకో అన్నాను.

2024 జులై మొదటి వారంలో వచ్చింది. జీర్ణాశయం బి12ను పట్టుకోలేని జబ్బు ఏదైనా ఉందేమోనని ప్రతిరక్షకాల పరీక్ష చేయించాను. లేదు. ఎండోస్కోపీలో జీర్ణాశయం లోపలి పొర శుభ్రంగా ఉంది. షుగరుకు, గ్యాసుకు వాడే కొన్ని మాత్రలు కూడా బి12ను తగ్గిస్తాయి. ఆమె ఏవీ వాడటం లేదు. ఇక చిన్నపేగు పరీక్షకు రాయాలని అనుకుంటూ ఉండగా, తారీఖు తీసుకోవడానికి రావలసిన మనిషి చేతిసంచితో వచ్చింది.

సంచిలో ఆవకాయ సీసా. కడిగి, ఉప్పు కలిపిన నీళ్లు పోసి, అందులో వేసి తెచ్చింది. మూతకు ఇంకా ఆవపిండి వాసన ఉంది. "పొద్దున విరేచనంలో పడింది సార్. మొదట పేగే ఊడి వస్తోందేమో అనుకున్నాను" అంది. తల్లి గది బయటే నిలబడిపోయింది.

ట్రేలోకి వంచాను. నలభై సెంటీమీటర్ల పొడవు, లేత దంతపు రంగు, బల్లపరుపుగా ఉన్న రిబ్బను. చీర అంచుకు కుట్టే సన్నటి లేసులా ఒకదాని పక్కన ఒకటి గదులు. ఒక ముక్కను రెండు గాజు పలకల మధ్య నొక్కి, ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. గది వెడల్పు ఒక సెంటీమీటరుకు పైనే, పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. ప్రతి గది నడిమధ్యన ఆవగింజంత ముదురు మచ్చ. భూతద్దంలో ఆ మచ్చ పువ్వు రేకుల్లా చుట్టలు తిరిగి ఉంది. అది గర్భసంచి, నిండా గుడ్లు.

బద్దె పురుగు అని తల్లికి కూడా అర్థమైంది. ఏ బద్దె పురుగు అన్నదే నా ప్రశ్న. పంది మాంసం నుంచో గొడ్డు మాంసం నుంచో వచ్చేదైతే ముదిరిన గదులు వెడల్పు కన్నా పొడవు ఎక్కువ ఉంటాయి, గర్భసంచి చెట్టు కొమ్మల్లా రెండు పక్కలకూ చీలి ఉంటుంది, జననరంధ్రం గది అంచున ఉంటుంది. ఇది అడ్డంగా వెడల్పు, నడుమ పువ్వు. చదువుకునే రోజుల్లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదే గాని, ఇరవై ఆరేళ్ల ప్రాక్టీసులో కంటితో చూడటం అదే మొదలు. డైఫిల్లోబోత్రియం లేటమ్, చేప బద్దె పురుగు. ఇప్పటి పుస్తకాల్లో పేరు మార్చి డైబోత్రియోసెఫలస్ లేటస్ అంటున్నారు. పేరు ఏదైనా, మనిషి పేగులో పది మీటర్ల దాకా పెరగగలిగిన జంతువు. తల మీద కొక్కేలు ఉండవు, పీల్చే గిన్నెలు ఉండవు. రెండు పక్కలా రెండు నిలువు గాడులు ఉంటాయి. వాటితో పేగు పొరను చిటికెతో పట్టినట్టు పట్టుకుంటుంది.

ఆ రోజు మలం నమూనాను ల్యాబుకు పంపి ఊరుకోలేదు. నేనే వెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. వెతకనవసరమే లేకపోయింది. ఒక్కో పురుగు రోజుకు పది లక్షల దాకా గుడ్లు పెడుతుంది. పసుపు, గోధుమ కలిసిన రంగు, కోలగా, ఒక కొసన మూత, రెండో కొసన చిన్న బొడిపె. కొంకిపురుగు గుడ్డు కూడా ఇంచుమించు ఇదే సైజు. కాని దానికి మూత ఉండదు, పెంకు పల్చగా అద్దంలా ఉండి లోపల నాలుగైదు కణాలు వేరువేరుగా కనిపిస్తాయి. పోయిన ఏడాది చూసిన టెక్నీషియన్‌ను తప్పుపట్టలేను. రోజూ చూసేది కొంకిపురుగు గుడ్డే అయినప్పుడు, ఆ సైజులో కోలగా ఏది కనిపించినా అదే అనిపిస్తుంది. హాస్టల్ తిండి అన్నప్పుడు నాకు జరిగిందీ అదే.

అప్పుడు, ఏడాది ఆలస్యంగా, అడగవలసిన ప్రశ్న అడిగాను. "చేప ఎప్పుడు తిన్నావు అని కాదు అమ్మా, ఎలా తిన్నావు?"

హాస్టల్ గదిలో తనతో పాటు ఉండే రష్యన్ అమ్మాయిది నది ఒడ్డున ఒక పల్లె. చలికాలంలో వాళ్ల నాన్న మంచుకు కన్నం చేసి గాలం వేస్తాడు. పడేది ఎక్కువగా పైక్ చేప, వాళ్ల భాషలో షుకా. మన కొర్రమీనుకు చుట్టం కాదు గాని స్వభావం అదే: నీటి గడ్డిలో పొంచి ఉండి చిన్న చేపలను పట్టి తింటుంది. దాని గుడ్లను బయటికి తీసి, పొర వదిలించి, ఉప్పు కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున రొట్టె మీద వెన్న రాసి, దాని మీద పరుచుకుని తింటారు. "బాగుంటుంది సార్" అంది ఆ అమ్మాయి, తల్లి వైపు చూడకుండా. గడ్డకట్టిన చేపను కత్తితో పల్చటి పొరలుగా చెక్కి, ఉప్పు, మిరియాలు అద్దుకుని తినడం కూడా రెండు మూడు సార్లు జరిగింది. హాస్టల్లో ఏమి తింటావంటే ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను. "అది భోజనం కాదు కదా సార్, ఊరికే రుచి చూడటం" అంది. నిజమే. మన రోగులు కూడా టీతో తిన్న బజ్జీలను తిండి కింద చెప్పరు.

ఈ పురుగు దారి ఏమిటంటే, గుడ్డు మలంతో నదిలో పడుతుంది. చల్లటి మంచినీటిలో కొద్ది వారాలకు మూత తెరుచుకుని సన్నటి పిల్ల ఈదుకుంటూ బయటికి వస్తుంది. దాన్ని సైక్లాప్స్ వంటి నీటిపురుగు మింగుతుంది. సైక్లాప్స్ అంటే మన పెద్దవాళ్లకు తెలిసినదే. దిగుడుబావుల నీళ్లలో ఉండి నారికురుపును, అంటే గినీ పురుగు జబ్బును, మోసిన పురుగు. ఆ నీళ్లను గుడ్డతో వడకట్టుకోమని ఊరూరా చెప్పి, చివరికి 2000లో భారతదేశానికి నారికురుపు లేదన్న ధ్రువపత్రం తెచ్చుకున్నాం. అదే జాతి నీటిపురుగు అక్కడ ఈ పిల్లను మోస్తుంది. దాన్ని చిన్న చేప తింటుంది, చిన్న చేపను పైక్ తింటుంది. పిల్లపురుగు పైక్ కండలోనూ గుడ్లలోనూ తెల్లటి దారపు ముక్కలా చేరి, ఎవరైనా ఉడకకుండా తింటారేమోనని ఎదురుచూస్తుంది. మనిషి తిన్న అయిదారు వారాలకు పేగులో పెద్దదై గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

బి12 సంగతికి వస్తే, ఈ పురుగుకు ఆ విటమిను మీద విపరీతమైన ఆశ. మనం తిన్న దానిలో ఎనభై శాతం దాకా అదే లాక్కోగలదు. ఫిన్లాండులో ఒకప్పుడు ఇది ఊరి జబ్బు. ఈ రక్తహీనత గురించి వైద్యలోకానికి తెలిసినదానిలో చాలా భాగం అక్కడి డాక్టర్లు తేల్చినదే. అయినా పురుగు పట్టిన వాళ్లలో రక్తహీనత దాకా వచ్చేది నూటికి ఇద్దరికి మించదంటారు. మరి ఈ పిల్లకే ఎందుకు వచ్చింది? నా ఉద్దేశంలో హాస్టల్ తిండి అన్న నా మొదటి జవాబు పూర్తిగా తప్పు కాదు, సగం తప్పు. మామూలుగా తిని తిరిగే మనిషి కాలేయంలో మూడు నాలుగేళ్లకు సరిపడా బి12 నిల్వ ఉంటుంది. ఈమెకు అన్నం, బంగాళాదుంపలతో ఆ నిల్వ ముందే అడుగంటింది. మిగిలిన దాన్ని పురుగు తీసుకుంది.

మందు తేలిక, దొరకడం కష్టం. ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకు పది మిల్లీగ్రాముల లెక్కన ఒకే మోతాదు. ఆమె బరువు 54 కిలోలు, కాబట్టి 600 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. ఆల్బెండజోల్ ఒక్క మాత్ర దీన్ని కదిలించదు. పోయిన ఏడాది అది ఏ మేలూ చేయకపోవడానికి కారణం అదే. ప్రాజిక్వాంటెల్ ఇచ్చే ముందు మూర్ఛలు, ఎడతెగని తలనొప్పి ఎప్పుడైనా వచ్చాయా అని తప్పక అడగాలి. మెదడులో పంది బద్దె పురుగు తిత్తులు ఉన్న మనిషికి ఈ మందు పడితే వాపు వచ్చి ప్రమాదమవుతుంది. ఈమెకు అటువంటివి ఏమీ లేవు. చీటీ పట్టుకుని తండ్రి మందుల షాపులు తిరిగాడు. మొదటి షాపులో పేరు విని లోపలికి వెళ్లి కుక్కలకు వేసే నులిపురుగుల మాత్ర తెచ్చి ఇచ్చారట. "మా అమ్మాయికండీ" అంటే ఆ కుర్రవాడు బిత్తరపోయాడట. చివరికి ఆర్డరు పెట్టి తెప్పిస్తే రెండో రోజుకు వచ్చింది.

మాత్ర వేసుకున్న మరునాటికి మిగతా రిబ్బను పడింది. తండ్రి ముప్పై ఏళ్లుగా బట్ట కొలిచే మనిషి. దుకాణంలోని పాత ఇనుప మీటరు బద్ద తెచ్చి, పాలిథీన్ కవరు మీద పరిచి కొలిచాడు. నాలుగు మీటర్ల ఇరవై. "రెండు చొక్కాల గుడ్డ డాక్టరు గారూ" అన్నాడు ఫోనులో. అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. సీసా చూసిన రోజు నుంచి తల్లి కూతురికి కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. తమ్ముడు ఆ బాత్రూముకు వెళ్లడం మానేశాడు. ఎవరూ అడగలేదు గాని వాళ్ల భయం అదేనని అర్థమై, పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. ఈ పురుగు గుడ్డు మనిషి నోట్లో పడినా ఏమీ కాదు. అది నీటిపురుగులోకి, చేపలోకి వెళ్లి రావలసిందే. పంది బద్దె పురుగు అలా కాదు. దాని గుడ్లు చేతులకో పచ్చికూరలకో అంటి నోట్లోకి వెళితే మెదడులో తిత్తులు కడతాయి, మాంసం ముట్టని వాళ్లకు కూడా. రెండూ బద్దె పురుగులే అయినా ఒకదాని భయం ఇంకోదాని మీద పెట్టుకోకూడదు. తల్లి ఆ సాయంత్రమే కంచం కలిపేసిందని తరువాత తెలిసింది.

తండ్రి ప్రశ్న వేరే. "ఇక ఇంట్లో చేప మానేయమంటారా?"

ఆ ప్రశ్నకు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆదివారం పొద్దున చేపల మార్కెట్టుకు వెళ్లాను. కత్తిపీట ముందు కూర్చున్న పెద్దావిడకు విషయం చెప్పి, ఏటి కొర్రమీను, వాలుగ కొని నా ఎదురుగా పొట్ట చీల్చమన్నాను. రెండో కొర్రమీను పేగుల పక్కన, పొరలో చుట్టుకుని ఎర్రటి పురుగు ఒకటి, గుండుసూదంత లావు, విప్పితే చూపుడువేలంత. వాలుగలో గాలితిత్తి దగ్గర నల్లటి ఆకుల్లాంటివి మూడు, మెల్లగా ముడుచుకుంటూ. "ఏటి చేపలో ఉంటాయి బాబూ, తీసేసే ఇస్తాం కదా" అంది ఆవిడ, వాటిని వేలితో పక్కకు తోస్తూ. నేను చెప్పబోయిన దాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. పొట్టలో ఉన్నవి పొట్టతో పోతాయి. చేప చచ్చి ఎక్కువసేపు పొట్ట తీయకుండా ఉంటే కొన్ని రకాలు కండలోకి పాకుతాయి. అందుకే కొన్న వెంటనే శుభ్రం చేయించుకోవడం మంచిది. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు రైతులను ఏడిపించే చేపపేను మనిషిని ఏమీ చేయదు. అది చేప ఒంటి మీదిది, రైతు జేబుకు పట్టిన జబ్బు.

మరి కండలో కంటికి కనపడనివి ఉంటే? దానికి మార్కెట్టులో కాదు, వంటింట్లో జవాబు. ఇంటికి వచ్చి, మాంసంలోకి గుచ్చి వేడి చూసే థర్మామీటరు ఒకటి పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. నా భార్య విసుక్కుంది గాని ముక్కలు వేసింది. శీలావతి, అంగుళం మందం ముక్క. చింతపండు పులుసు తెర్లుతుండగా వేసిన ఎనిమిది నిమిషాలకు ముల్లు పక్కన 84 డిగ్రీలు. పరాన్నజీవులు చావడానికి చేప మధ్యలో 63 చాలు. ఇంకా పావుగంట పొయ్యి మీద ఉంటుంది మన పులుసు. ఏ పురుగూ బతకదు. అదే మందం ముక్కకు మసాలా పట్టించి పెనం మీద పెద్ద మంటకు వేస్తే, పైన ఎర్రగా కాలి ఘుమఘుమలాడుతున్నప్పుడు ముల్లు పక్కన 47. ఆకలి మీద ఉన్నవాడు ఆ రంగు చూసి తీసేస్తాడు. మంట తగ్గించి, మూతపెట్టి, తిప్పి ఇంకో ఆరు నిమిషాలు ఉంచితే గాని 70 రాలేదు. థర్మామీటరు లేని ఇంట్లో గుర్తు: ముల్లు దగ్గర కండ గాజులా మెరవకుండా తెల్లబడి, వేలితో అంటే పొరలుగా విడిపోవాలి.

ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి గంట ఉంచితే పురుగులు చస్తాయన్నది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. చావవు. నీచు వాసన పోతుంది, అంతే. నిమ్మరసం పోస్తే కండ తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది కాబట్టి మోసపోతాం. పెరూ దేశంలో నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి సముద్రపు చేప తిని ఈ బద్దె పురుగుకు దాయాది అయిన ఇంకో పురుగును తెచ్చుకుంటారు. వంట మధ్యలో పచ్చి ముద్దను నాలుక మీద వేసుకుని ఉప్పు చూడటం కూడా ప్రమాదమే. ఒకప్పుడు అమెరికాలో చేప ఉండలు చేసే యూదు గృహిణులకు ఈ పురుగు అలాగే పట్టేది. మన వాళ్లు పులుసు తెర్లిన తరువాతే చారెడు అరచేతిలో పోసుకుని ఉప్పు చూస్తారు. ఆ అలవాటు ఎవరు నేర్పారో గాని బాగా నేర్పారు.

ఐసులో పెట్టిన చేప గడ్డకట్టిన చేప కాదు. పచ్చిగా తినాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు, లేదా గట్టిగా గడ్డకట్టించి మైనస్ 35లో పదిహేను గంటలు ఉంచాలన్నది అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెప్పే లెక్క. మన ఇళ్లలోని సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో అంత చలి ఉండదు, మధ్యలో కరెంటు పోతే ఉన్నదీ ఉండదు. కాబట్టి పచ్చి చేప వడ్డించే హోటలుకు వెళితే, అలా గడ్డకట్టించినదేనా అని అడగడానికి మొహమాటపడకండి. థాయిలాండ్ వెళ్లే వాళ్లకు ఇంకో మాట. అక్కడ పచ్చి కొర్రమీను వంటకాల నుంచి నాథోస్టోమా అనే పురుగు వస్తుంది. చర్మం కింద ఇవాళ ఇక్కడ, వారం తరువాత అక్కడ వాపు తేలుతుంది. అలర్జీ అనుకుని మాత్రలు మింగుతూ ఉంటారు. మణిపూర్ వైపు సగం ఉడికిన ఏటి పీతల నుంచి ఊపిరితిత్తుల్లో చేరే ఫ్లూక్ జాతి పురుగును క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడిన రోగులు ఉన్నారు. మన పీతల పులుసుకు ఆ భయం లేదు, కారణం మళ్లీ తెర్లే పులుసే.

చేప మానవద్దని తండ్రికి చెప్పాను. ఆ ఆదివారమే వండారట.

నెల తరువాతి మలపరీక్ష సెప్టెంబరు మొదటి వారంలో చేయాలి. సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచేసింది. వాళ్ల ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్ తేలింది, నా చీటీలన్నీ పోయాయి. రెండో రోజు పడవలో బయటపడి గుణదలలో పిన్నిగారి ఇంటికి చేరారు. ఆ పిల్ల పదో తారీఖున అక్కడి నుంచి నమూనా తెచ్చి ఇచ్చినప్పుడు, ఇంత గోలలో నీకిది గుర్తుందా అన్నాను. "మర్చిపోదామన్నా మర్చిపోయే పురుగా సార్" అంది. గుడ్లు లేవు. హిమోగ్లోబిన్ 12.4, కణాల పరిమాణం 94. ట్యూనింగ్ ఫోర్కు బొటనవేలి మీద పెడితే కళ్లు మూసుకుని, "మోగుతోంది... మోగుతోంది... ఆగింది" అని చెప్పింది. నా చేతిలోనూ అప్పుడే ఆగింది.

జనవరిలో వాట్సాప్‌లో మెసేజి వచ్చింది. ఇంజెక్షన్లు ఆపి మూడు నెలలు దాటినా బి12 నిలబడే ఉంది. తన మలాన్ని తానే కాలేజీ మైక్రోస్కోపులో చూసుకుంది, శుభ్రం. స్నేహితురాలిది కూడా చూసింది, శుభ్రం కాదు. ఆ అమ్మాయికి నీరసం లేదు, తిమ్మిరి లేదు, ఏమీ లేదు. ఆమెకూ ఒక మాత్ర. పల్లెలో ఉన్న తండ్రి మాత్రం చిన్నప్పటి నుంచి తింటున్నాం, మాకేమైంది అని నవ్వాడట, నవ్వి ఇంకో డబ్బా పైక్ గుడ్లు పంపాడట.

మెసేజి కింద ఒక ఫొటో. హాస్టల్ బాల్కనీ కమ్మీకి తాడుతో కట్టిన ప్లాస్టిక్ డబ్బా, పక్కన థర్మామీటరు, మైనస్ 28. ఏడు రోజులు చాలని పుస్తకంలో ఉన్నా, పగటిపూట చలి తగ్గుతుందేమోనని పద్నాలుగు రోజులు లెక్కపెట్టిందట. డబ్బా మూత మీద కాగితం అంటించి తేదీ వేసి, రష్యన్‌లో ఒక వాక్యం, దాని కింద తెలుగులో ఒక వాక్యం రాసింది: "అప్పటిదాకా ముట్టుకోవద్దు." రష్యన్ వాక్యం స్నేహితురాలి కోసం. తెలుగు ఎవరి కోసమని అడిగాను.

"నా కోసమే సార్" అని జవాబు వచ్చింది.